మూలక విశ్లేషణకు మట్టి, ఆకు నమూనాల తయారీ: తేడాలు ఎక్కడ పుడతాయి?

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టిని, ఎండబెట్టి పొడి చేసిన ఆకులను 0.25 గ్రాముల చొప్పున తూచి, 10 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ ఆమ్లంతో మైక్రోవేవ్ డైజెస్టర్‌లో (మూసిన పాత్రలో ఆమ్లంతో వేడి చేసే పరికరం) కరిగించి, 50 మిల్లీలీటర్లకు నింపి, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, జింక్‌లను ఐసీపీ-ఎంఎస్‌లో (ప్లాస్మా వేడిలో పరమాణువులను అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి వేరు చేసి లెక్కించే యంత్రం) కొలుస్తున్నారు. ఒకే సీసాలోని మట్టి నుంచి తీసిన మూడు తూకాల్లో సీసం కిలోకు 38, 41, 63 మిల్లీగ్రాములుగా వచ్చింది. బ్లాంకుల్లో, అంటే నమూనా లేకుండా అదే పద్ధతిలో చేసిన ద్రావణాల్లో, జింక్ లీటరుకు 2 నుంచి 11 మైక్రోగ్రాముల మధ్య ఊగుతోంది. ధ్రువీకృత ప్రామాణిక మట్టిలో (లోహాల విలువలను ముందే నిర్ధారించి సర్టిఫికెట్‌తో ఇచ్చే మట్టి) సీసం, కాడ్మియం సర్టిఫికెట్ విలువకు దగ్గరగానే వస్తున్నా క్రోమియం మాత్రం 60 శాతం దగ్గరే ఆగిపోతోంది. ఇవన్నీ చెప్పి, యంత్రం సెట్టింగుల్లో ఏవి మార్చాలని, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాలా అని, చివర్లో నీటి నమూనాలను ఎలా సిద్ధం చేయాలని అడిగారు.

సెట్టింగుల జోలికి ఇప్పుడే వెళ్లవద్దని నా సలహా. ఒకే ద్రావణాన్ని పలుమార్లు చదివితే తేడా 2 శాతంలోపే ఉందని మీరే రాశారు. అంటే యంత్రం తనకు అందిన ద్రావణంలో ఏముందో ఉన్నదున్నట్టుగా చెబుతోంది. మీ మూడు ఇబ్బందులూ ఆ ద్రావణం తయారయ్యే దారిలోనే పుట్టాయి, పైగా మూడూ మూడు వేర్వేరు చోట్ల పుట్టాయి. సీసం విషయంలో జరిగింది తూకానికి ముందు, జింక్ విషయంలో జరిగింది పాత్రల్లోనూ గాలిలోనూ, క్రోమియం విషయంలో జరిగింది ఆమ్లానికీ ఖనిజానికీ మధ్య. మూడో దాన్ని అసలు దోషం అనవచ్చునా అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

సీసం సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ చిక్కు లెక్కతోనే తేలిపోతుంది. 2 మిల్లీమీటర్ల జల్లెడ అనేది మట్టి అంటే ఏది, రాళ్లు అంటే ఏవి అని విడదీయడానికి పెట్టుకున్న హద్దు మాత్రమే. ఆ జల్లెడ దాటిన మట్టి విశ్లేషణకు సిద్ధమైందని దాని అర్థం కాదు. 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక క్వార్ట్జ్ గింజ బరువు దాదాపు 11 మిల్లీగ్రాములు. మీరు తూచే 0.25 గ్రాములలో అటువంటి గింజలు 22 మాత్రమే పడతాయి. అదే మట్టిని మొత్తంగా 0.15 మిల్లీమీటర్ల జల్లెడ దాటేలా నూరితే, అంతే బరువులో 50,000కు పైగా గింజలు ఉంటాయి. రెండు డజన్ల గింజలు కూడా లేని తూకం ఒక సీసా మట్టికి ప్రతినిధిగా నిలబడలేదు.

ఇప్పుడు 63 ఎలా వచ్చిందో చూద్దాం. మిగతా రెండింటి సగటు 40కి దగ్గరగా ఉంది కాబట్టి అదనంగా వచ్చింది కిలోకు 23 మిల్లీగ్రాములు, అంటే ఆ 0.25 గ్రాముల తూకంలో 6 మైక్రోగ్రాముల కంటే కొంచెం తక్కువ సీసం. గెలీనా, అంటే సీసం సల్ఫైడ్ ఖనిజం, సాంద్రత 7.5 ప్రాంతంలో ఉంటుంది, అందులో 86 శాతానికి పైగా సీసమే. 0.1 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒకే ఒక్క గెలీనా గింజ మీ తూకంలో పడితే ఫలితం కిలోకు సుమారు 14 మిల్లీగ్రాములు పెరుగుతుంది, 0.12 మిల్లీమీటర్ల గింజ అయితే మీకు కనిపించిన 23 మిల్లీగ్రాముల తేడా మొత్తం ఆ ఒక్కదానితోనే సరిపోతుంది. మీ మట్టిలో ఉన్నది గెలీనాయే అని నేను అనడం లేదు. పాత రంగు పెచ్చు, టంకం ముక్క, లోహపు చిట్టెం ఏదైనా ఇదే పని చేస్తుంది. కంటికి ఆనీ ఆనని ఒక గింజ మొత్తం ఫలితాన్ని సగానికి పైగా పెంచగలదన్నదే ఇక్కడి విషయం.

అందువల్ల 63ను పొరపాటు విలువగా భావించి కొట్టివేయకండి. ఇటువంటి నమూనాలలో తరచుగా వచ్చే తక్కువ విలువలే అసలు సగటు కంటే కింద ఉంటాయి. అరుదుగా వచ్చే ఎక్కువ విలువ ఆ లోటును పూడుస్తుంది. ఆ గింజ కూడా మట్టిలోనిదే. ఎక్కువ విలువ వచ్చిన ప్రతిసారీ దాన్ని తీసేస్తూ పోతే, పట్టికలోని అంకెలు చక్కగా ఒకదానికొకటి కలుస్తాయి, కానీ నివేదికలోని సగటు మట్టిలో ఉన్న సీసం కంటే తక్కువగా ఉంటుంది. ఆ తప్పును తర్వాత ఎవరూ పట్టుకోలేరు కూడా.

నమూనా సేకరణకు గణిత సిద్ధాంతాన్ని ఏర్పరచిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియెర్ జీ చూపిన సంబంధం ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది. ఉపనమూనా తీసేటప్పుడు వచ్చే వేరియన్స్ (ఫలితాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, దాని వర్గమూలమే ప్రామాణిక విచలనం) కణ పరిమాణపు ఘనానికి అనులోమంగా, తూకానికి విలోమంగా ఉంటుంది. తూకాన్ని రెట్టింపు చేస్తే ప్రామాణిక విచలనం 1.4 రెట్లు మాత్రమే తగ్గుతుంది. మిగతావేవీ మారకుండా కణ పరిమాణాన్ని 2 మిల్లీమీటర్ల నుంచి 0.15 మిల్లీమీటర్లకు దించితే వేరియన్స్ 2,000 రెట్లకు మించి తగ్గుతుంది, అంటే ప్రామాణిక విచలనం 40 రెట్లకు పైగా తగ్గుతుంది. గింజల్లో ఖనిజం ఏ మేరకు విడివడి ఉందన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది కానీ దిశ మారదు. తూకం పెంచడానికి మైక్రోవేవ్ పాత్రలో చోటు లేదు, నూరడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు.

నూరే పద్ధతిలో మూడు జాగ్రత్తలు ముఖ్యం. మొదటిది, నూరడానికి ముందు మట్టిని తగ్గించే తీరు. కిలో మట్టి నుంచి 50 గ్రాములు కావాలంటే పై నుంచి చెంచాతో తీయకూడదు. శుభ్రమైన షీటు మీద శంఖాకారంలో కుప్ప పోసి, చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని ఉంచుకుని, మిగతా రెండింటిని పక్కన పెట్టి, కావలసిన బరువు వచ్చేవరకు అదే పని మళ్లీ చేయాలి. రిఫుల్ స్ప్లిట్టర్ (పొడిని వరుస గాళ్ల గుండా రెండు సమాన భాగాలుగా విడదీసే పెట్టె) ఉంటే అది ఇంకా మేలు. రెండోది, జల్లెడ మీద మిగిలినదాన్ని పారేయకపోవడం. నూరిన తర్వాత జల్లెడ దాటని గట్టి గింజలను వదిలేస్తే, ఆ గింజల్లో ఉన్న ఖనిజాన్ని కూడా వదిలేసినట్టే. తీసుకున్న భాగం మొత్తం దాటేవరకు నూరాలి. మూడోది, నూరే పాత్ర దేనితో చేసినది అన్నది. స్టెయిన్‌లెస్ స్టీలు ఇనుమునూ క్రోమియాన్నీ నికెల్‌నూ నమూనాకు అంటిస్తుంది, టంగ్‌స్టన్ కార్బైడ్ టంగ్‌స్టన్‌తో పాటు కోబాల్ట్‌ను ఇస్తుంది, జిర్కోనియా జిర్కోనియాన్ని ఇస్తుంది. మీ జాబితాలో క్రోమియం ఉంది కాబట్టి అగేట్ (గట్టి సిలికా రాయి) కల్వం గానీ జిర్కోనియా పాత్ర గానీ వాడండి. ఇత్తడి జల్లెడ బదులు నైలాన్ జల్లెడ వాడండి, ఎందుకంటే ఇత్తడి అంటేనే రాగి, జింక్. నమూనాకూ నమూనాకూ మధ్య కాస్త శుభ్రమైన క్వార్ట్జ్ ఇసుకను నూరి పారేయండి. తక్కువ లోహం ఉండవచ్చని తోచిన నమూనాలను ముందు, కలుషితమైనవాటిని చివర నూరండి.

పొడి చేసిన తర్వాత కూడా సీసాను నమ్మి ఊరుకోకూడదు. రవాణాలో, అరల మీద కదలికలో బరువైన సన్నని గింజలు అడుగుకు చేరతాయి. తూచే ముందు సీసాను అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా దొర్లించి, గరిటెతో వేర్వేరు చోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి 0.25 గ్రాములు చేయాలి. సీసాను వంచి తట్టి పోయడం కంటే చెడ్డ పద్ధతి లేదు. ప్రామాణిక పదార్థానికీ ఇదే వర్తిస్తుంది. దాని సర్టిఫికెట్‌లో కనీస తూకం అని ఒక సంఖ్య ఉంటుంది. అంతకంటే తక్కువ తూచి, ఫలితం సర్టిఫికెట్ హద్దుల్లో లేదని బాధపడటంలో అర్థం లేదు. మీ ప్రామాణిక మట్టికి ఆ సంఖ్య 0.25 గ్రాములను మించి ఉందేమో ముందు చూడండి.

ఎండబెట్టడం గురించి క్లుప్తంగా చెబుతాను. మట్టిని గది ఉష్ణోగ్రతలో గానీ 40 డిగ్రీలలోపు గానీ ఆరబెట్టండి. ముందు ముందు పాదరసం కూడా కొలవవలసి వస్తే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఎక్కువ వేడిలో అది ఆవిరై పోతుంది. తేమను తెలుసుకోవడానికి వేరే భాగాన్ని 105 డిగ్రీల దగ్గర బరువు స్థిరపడేవరకు ఆరబెట్టి, ఆ సవరణను లెక్కలో చేయండి. 4 శాతం తేమ ఉంటే కిలోకు 40 మిల్లీగ్రాములు అన్నది పొడి బరువు మీద 41.7 అవుతుంది. ఆకులకు 60 నుంచి 65 డిగ్రీలు సరిపోతాయి. ఆకులను ఎండబెట్టే ముందు శుద్ధ నీటితో తొందరగా కడగాలి, నానబెట్టకూడదు. నానితే పొటాషియం వంటివి నీటిలోకి దిగిపోతాయి. కడిగినా దుమ్ము మిగిలిందా అన్న అనుమానం ఉంటే ఆకులో టైటానియం కొలిచి చూడండి. మొక్క దాన్ని వేళ్లతో పెద్దగా పీల్చుకోదు. అది ఎక్కువగా కనిపిస్తే, మీరు ఆకులోనిదని అనుకుంటున్న క్రోమియం, సీసంలో కొంత పైన పడిన దుమ్ములోనిదే.

ఇక జింక్. బ్లాంకు ఎంత ఎక్కువగా ఉందన్నదాని కంటే ఎంత ఊగుతోందన్నదే ఎక్కువ ముఖ్యం. ఐదు బ్లాంకులు లీటరుకు 6 మైక్రోగ్రాముల చుట్టూ 0.2 ప్రామాణిక విచలనంతో వచ్చాయనుకోండి. ఆ 6ను అన్ని నమూనాల నుంచి నిశ్చింతగా తీసివేయవచ్చు, గుర్తింపు హద్దు, అంటే నమ్మకంగా గుర్తించగల కనీస పరిమాణం, మూడు విచలనాల లెక్కన 0.6 అవుతుంది, 0.25 గ్రాములను 50 మిల్లీలీటర్లు చేశారు కాబట్టి 200తో గుణిస్తే కిలోకు 0.12 మిల్లీగ్రాములు. అదే సగటు 6 అయినా విచలనం 4 ఉంటే హద్దు 12 మైక్రోగ్రాములు, అంటే కిలోకు 2.4 మిల్లీగ్రాములు. మీ పరిస్థితి ఈ రెండో దానికి దగ్గరగా ఉంది. ఊగే బ్లాంకును సగటు తీసి తీసివేస్తే కొన్ని నమూనాలకు ఎక్కువ తీసివేస్తారు, కొన్నిటికి తక్కువ తీసివేస్తారు.

అయితే ఆకుల్లో జింక్ సాధారణంగా కిలోకు పదుల మిల్లీగ్రాములలో ఉంటుంది, మట్టిలో అంతకు మించి ఉంటుంది. కాబట్టి జింక్ వరకు ఈ 2.4 వల్ల కొంపలేమీ మునగవు. నేను దీన్ని పట్టించుకోమనడానికి కారణం కాడ్మియం. జింక్ ఏ దారిన లోపలికి వస్తోందో ఆ దారి తెరిచే ఉంది. కిలోకు ఒక మిల్లీగ్రాములో పదో వంతు ఉండే లోహాన్ని కొలిచేటప్పుడు ఆ దారి మూసి ఉండాలి.

దారి కనుక్కోవడానికి బ్లాంకును మెట్టుమెట్టుగా విడగొట్టండి. మొదటిది, 2 శాతం నైట్రిక్ ఆమ్లాన్ని అప్పటికప్పుడు కలిపి నేరుగా చదవడం. రెండోది, అదే ఆమ్లాన్ని మీరు వాడే 50 మిల్లీలీటర్ల గొట్టంలో రాత్రంతా ఉంచి చదవడం. మూడోది, గాఢ ఆమ్లాన్ని మైక్రోవేవ్ పాత్రలో పోసి వేడి చేయకుండా తీసి, పలుచన చేసి చదవడం. నాలుగోది, పూర్తి డైజెషన్ చేసిన బ్లాంకు. ఏ మెట్టు దగ్గర అంకె ఎగిరిందో అక్కడే మూలం ఉంటుంది. మొదటి మెట్టులోనే ఉంటే ఆమ్లం గానీ నీరు గానీ కారణం. నీటి నిరోధకత 18.2 మెగాఓమ్-సెంటీమీటర్లు ఉండాలి, ఆమ్లం లేశ లోహాల గ్రేడు అయినా కావాలి, లేదా సబ్-బాయిలింగ్ పద్ధతిలో (మరగనివ్వకుండా ఆవిరి చేసి) మీరే స్వేదనం చేసుకున్నదైనా కావాలి. రెండో మెట్టులో ఉంటే గొట్టాలు, మూతలు. మూడు, నాలుగు మెట్లలో ఉంటే పాత్ర గోడల్లో ఇంకిపోయి ఉన్న పాత నమూనాల జ్ఞాపకం. అలాంటి పాత్రలను ఖాళీ ఆమ్లంతో ఒక పూర్తి డైజెషన్ నడిపి కడగాలి. ఏ మెట్టులోనూ స్థిరంగా కాకుండా ఒక గొట్టంలో ఉండి పక్క గొట్టంలో లేకపోతే మాత్రం చేతులను, గాలిని అనుమానించాలి. పౌడరు పూసిన చేతి తొడుగులు, జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనాలు, రబ్బరు బిరడాలు, ఫ్యూమ్ హుడ్ (ఆమ్లపు పొగలను బయటికి లాగే గూడు) పైకప్పున తుప్పు పట్టిన గాల్వనైజ్డ్ రేకు, ఇవన్నీ జింక్‌కు పేరుమోసిన మూలాలు. మీరు చెప్పిన 2 నుంచి 11 ఊగిసలాటను బట్టి నా అనుమానం ఈ చివరి వర్గం మీదే ఉంది.

పాత్రలన్నిటినీ 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, శుద్ధ నీటితో కడిగి, తలకిందులుగా మూత ఉన్న డబ్బాలో ఆరబెట్టడం అలవాటు చేసుకోండి. లేశ లోహాల పనిలో గాజును వీలైనంత దూరం పెట్టండి, బోరాన్, సోడియం, అల్యూమినియం దాని నుంచి ద్రావణంలోకి దిగుతూనే ఉంటాయి. ఈ క్రమశిక్షణ ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌ను తలచుకోవాలి. ఉల్కల్లోని సీసం ఐసోటోపులతో భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రచురించిన ఆయన, తన పనికి మొదట అడ్డుపడింది ప్రయోగశాలలోనే అన్ని చోట్లా పేరుకుపోయిన సీసం కాలుష్యమని గుర్తించి, వడపోసిన గాలితో అత్యంత శుభ్రమైన గదిని నిర్మించుకున్నారు. తర్వాత పెట్రోల్‌లో సీసం వాడకానికి వ్యతిరేకంగా ఆయన సాగించిన పోరాటానికి బీజం ఆ బ్లాంకుల్లోనే పడింది.

డైజెషన్ గురించి నాలుగు మాటలు. టెఫ్లాన్ జాతి పాత్రలకు స్థిర విద్యుత్తు ఎక్కువ. పొడి గోడలకు అంటుకుని, ఆమ్లం మట్టానికి పైనే ఉండిపోతుంది. ఆమ్లం పోసేటప్పుడు గోడల చుట్టూ తిప్పుతూ పోసి పొడిని కిందికి దించండి. ఆమ్లం పోశాక వెంటనే మూత బిగించకుండా ఫ్యూమ్ హుడ్‌లో కనీసం 15 నిమిషాలు వదిలేయండి. సేంద్రియ పదార్థం మొదటి విసురుగా విడుదల చేసే వాయువులు అప్పుడే బయటికి పోతాయి, లేకపోతే మూసిన పాత్రలో పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. మట్టినీ ఆకులనూ ఒకే విడతలో పెట్టకండి. చాలా యంత్రాలు ఒక పాత్రలోని ఉష్ణోగ్రతను చూసి అన్నిటికీ శక్తిని పంపుతాయి. ఆ పాత్రలో మట్టి ఉండి పక్కదానిలో ఆకు ఉంటే ఆకు పాత్ర ఎంత పీడనానికి చేరిందో ఎవరికీ తెలియదు. చల్లారకుండా తెరవకూడదు, చల్లారాక కూడా ఫ్యూమ్ హుడ్‌లోనే, గోధుమ రంగు పొగ పోయేవరకు ముఖం దూరంగా పెట్టి తెరవాలి.

డైజెషన్ అయ్యాక మట్టి పాత్ర అడుగున తెల్లని ఇసుక మిగులుతుంది. ఇక్కడే మీ మూడో ఇబ్బందికి, క్రోమియానికి, వస్తున్నాను.

నైట్రిక్ ఆమ్లం సిలికేట్లను కరిగించదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి 3051ఏ పద్ధతి మీరు చేస్తున్న దానికి చాలా దగ్గరగా ఉంటుంది: నైట్రిక్ ఆమ్లం, లేదా నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం, 175 డిగ్రీలు, మొత్తం 10 నిమిషాలు. అది సంపూర్ణ డైజెషన్ పద్ధతి కాదని ఆ పత్రమే స్పష్టంగా చెబుతుంది. సంపూర్ణంగా కరిగించడానికి వారిది 3052 అనే వేరే పద్ధతి ఉంది, అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. మట్టిలోని సీసం, కాడ్మియం ఎక్కువ భాగం బంకమట్టి ఉపరితలాల మీద, ఇనుప ఆక్సైడ్లలో, సేంద్రియ పదార్థంలో అంటుకుని ఉంటాయి కాబట్టి నైట్రిక్ ఆమ్లానికి సులువుగా లొంగుతాయి. క్రోమియం అలా కాదు. దానిలో గణనీయమైన భాగం క్రోమైట్ (ఇనుము, క్రోమియం ఆక్సైడ్) వంటి, ఆమ్లాలకు లొంగని స్పైనెల్ ఖనిజాల స్ఫటికాల లోపల బందీగా ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఉన్నది మొత్తం క్రోమియం విలువ, మీరు కొలిచింది ఆమ్లానికి దొరికిన క్రోమియం. రెండూ రెండు వేర్వేరు రాశులు, వాటి నిష్పత్తి 60 శాతం రావడంలో ఆశ్చర్యం లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ తన మట్టి ప్రామాణికాలు కొన్నింటికి ఆమ్లంలో కరిగే భాగం విలువలను అనుబంధంగా విడిగా ఇస్తుంది. మీ పదార్థానికి అటువంటి పట్టిక ఉంటే మీ ఫలితాన్ని దానితో పోల్చండి, మొత్తం విలువతో కాదు.

ఇక్కడ చాలామంది స్పైక్ రికవరీని చూపించి సమాధానం చెప్పబోతారు. డైజెషన్‌కు ముందు క్రోమియం ద్రావణాన్ని నమూనాలో చేర్చితే అది 98 శాతం తిరిగి వస్తుంది, కాబట్టి పద్ధతి సరైనదే అంటారు. చేర్చింది అప్పటికే కరిగి ఉన్న క్రోమియం. అది తిరిగి రావడం వల్ల మధ్యలో నష్టం జరగలేదని, యంత్రంలో అడ్డంకి లేదని మాత్రమే తెలుస్తుంది. క్రోమైట్ గింజ కరిగిందో లేదో అది చెప్పలేదు.

కాబట్టి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాలా అన్న మీ ప్రశ్నకు సమాధానం మీ పరిశోధన దేన్ని అడుగుతోందన్నదాని మీద ఆధారపడి ఉంది. మొక్కలకు, నీటికి అందగల లోహమెంత అన్నది మీ విషయమైతే, శతాబ్దాలపాటు మట్టిలో ఉన్నా కరగని క్రోమైట్‌ను బలవంతంగా కరిగించి లెక్కలో కలపడం వల్ల మీ ప్రశ్న మరింత మసకబారుతుంది తప్ప తేటపడదు. మీరు ఆకులను కూడా కొలుస్తున్నారంటే మీది ఇటువంటి ప్రశ్నే అని అనుకుంటున్నాను. అప్పుడు ఇప్పటి నైట్రిక్ పద్ధతిని మార్చనవసరం లేదు. మాతృశిల ఏమిటి, మట్టి ఎక్కడి నుంచి వచ్చింది అన్నది విషయమైతే మాత్రం మొత్తం క్రోమియమే కావాలి.

మొత్తం కావలసి వచ్చినా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమే మొదటి ఎంపిక కానక్కర్లేదు. అది చర్మం మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, కానీ లోపలికి చొచ్చుకుపోయి శరీరంలోని కాల్షియాన్ని బంధిస్తుంది. చిన్న గాయం కూడా ప్రాణాంతకం కాగలదు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని, దాని వాడకంలో శిక్షణ పొందిన మనిషి పక్కన లేని ప్రయోగశాలలో ఆ సీసా మూత తీయకూడదు. అది గాజును, ఐసీపీ-ఎంఎస్‌లో ప్లాస్మా వెలిగే క్వార్ట్జ్ గొట్టమైన టార్చిని కూడా తినేస్తుంది, కాబట్టి బోరిక్ ఆమ్లంతో బంధించడమో, ఆ ఆమ్లాన్ని తట్టుకునే నెబ్యులైజర్ (ద్రావణాన్ని తుంపరగా మార్చే భాగం) భాగాలు అమర్చడమో చేయాలి. కాల్షియం, అరుదైన మృత్తికల ఫ్లోరైడ్లు కరగకుండా అవక్షేపంగా మిగులుతాయి. ఇంత చేసినా క్రోమైట్ పూర్తిగా కరుగుతుందన్న హామీ లేదు. లిథియం మెటాబోరేట్‌తో ప్లాటినం క్రూసిబుల్‌లో 1,000 డిగ్రీల దగ్గర కరిగించే ఫ్యూజన్ పద్ధతి క్రోమైట్ మీద ఎక్కువగా పని చేస్తుంది, కానీ ఆ వేడిలో కాడ్మియం, ఆర్సెనిక్, సీసం ఆవిరి కావచ్చు. అందువల్ల అన్ని మూలకాలకూ ఒకే ద్రావణం అన్న ఆశ వదులుకోవాలి. మీకు ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరికరం (ఎక్స్-కిరణాలు తగిలినప్పుడు మూలకాలు తిరిగి వెదజల్లే కిరణాలను బట్టి వాటిని కొలిచేది) అందుబాటులో ఉంటే, బాగా నూరిన మట్టిని బిళ్లగా అదిమి మొత్తం క్రోమియాన్ని దానితో కొలవడం అన్నిటికంటే సులువు. అక్కడ కరిగించవలసిన పనే లేదు.

ద్రావణం యంత్రానికి వెళ్లే చివరి అడుగులో రెండు విషయాలు సరిచూడండి. 10 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం 50 మిల్లీలీటర్లలో ఉంటే అది 20 శాతం ఆమ్లం. దాన్ని నేరుగా పంపకుండా మరో 10 రెట్లు పలుచన చేసి 2 శాతానికి దించండి, స్టాండర్డులను (గాఢత తెలిసిన పోలిక ద్రావణాలను) కూడా అదే 2 శాతంలో చేయండి, బ్లాంకులకు కూడా అదే పలుచన ఇవ్వండి. ఐసీపీ-ఎంఎస్‌కు పంపే ద్రావణంలో కరిగిన ఘనపదార్థం 0.2 శాతం మించకూడదన్న నియమాన్నీ ఈ పలుచన నెరవేరుస్తుంది. మిగిలిన ఇసుకను వడపోత కాగితంతో తీయకండి, కాగితం తన సొంత లోహాలను ఇస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేయండి లేదా రాత్రంతా పేరుకోనిచ్చి పైతేటను తీసుకోండి. రెండో విషయం, ఎప్పుడైనా హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చితే ఆర్గాన్, క్లోరిన్ కలిసి 75 ద్రవ్యరాశి దగ్గర ఆర్సెనిక్‌లా కనిపిస్తాయి. ఆకులు పూర్తిగా ఆక్సీకరణం చెందక కార్బన్ మిగిలితే ఆర్గాన్, కార్బన్ కలిసి 52 దగ్గర క్రోమియంలా కనిపిస్తాయి. హీలియం కొలిజన్ మోడ్, అంటే అయాన్లను హీలియం వాయువు గుండా పంపి ఇలాంటి జంట అయాన్లను అడ్డుకునే అమరిక, వీటిని బాగా తగ్గిస్తుంది. దానికి తోడు క్రోమియాన్ని 52, 53 రెండింటి దగ్గరా చదివి, రెండు ఫలితాలూ కలుస్తున్నాయో లేదో చూడండి.

నీటి నమూనాల గురించి మీరు చివర్లో అడిగినదానికి సమాధానం చిన్నదే. కరిగిన లోహాలు కావాలంటే ముందు 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడపోసి, ఆ తర్వాతే నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 కంటే తక్కువకు దించాలి. వరుస తప్పి ముందు ఆమ్లం పోస్తే, తేలియాడే మట్టికి అంటిన లోహం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది. ప్రయోగశాలకు వచ్చాక ఆమ్లం కలిపితే, సీసా గోడలకు అంటినది తిరిగి ద్రావణంలోకి రావడానికి కనీసం 16 గంటలు ఆగి కొలవండి.

ఇప్పుడు మీరు చేయవలసిన ప్రయోగం ఒకటి సూచిస్తాను. అదే మట్టిని నాలుగు భాగాల పద్ధతిలో విడదీసి మూడు విడి భాగాలు చేసి, ఒక్కొక్కదాన్ని 0.15 మిల్లీమీటర్లకు నూరండి. ప్రతి భాగం నుంచి మూడు తూకాలు, ప్రతి ద్రావణం నుంచి రెండు రీడింగులు తీసుకోండి. వేరియన్స్‌ను మూడు అంచెలుగా విడగొడితే విభజన నుంచి ఎంత, డైజెషన్ నుంచి ఎంత, యంత్రం నుంచి ఎంత అన్నది విడివిడిగా కనిపిస్తుంది. ఉదాహరణకు యంత్రం 2 శాతం, డైజెషన్ 4 శాతం, విభజన 15 శాతం అయితే మొత్తం 15.7 శాతం వస్తుంది. యంత్రం దోషాన్ని పూర్తిగా సున్నా చేసినా అది 15.5కే దిగుతుంది. మీ సంఖ్యలు వచ్చాక ఏ అంచె పెద్దదో దాని మీదే సమయం పెట్టండి.

నివేదిక రాసేటప్పుడు పట్టికలో క్రోమియం వరుసకు ‘మొత్తం క్రోమియం’ అని కాకుండా ‘నైట్రిక్ ఆమ్లంలో కరిగిన క్రోమియం’ అని శీర్షిక పెట్టండి. ఆ కింద తూకం, కణ పరిమాణం, ఆమ్లం, ఉష్ణోగ్రత, బ్లాంకుల విచలనం నుంచి వచ్చిన గుర్తింపు హద్దు, ప్రామాణిక మట్టికి వచ్చిన విలువను ఏ సర్టిఫికెట్ విలువతో పోల్చారో రాయండి. సీసానికి పాత మూడు ఫలితాలనూ, 63తో సహా, నూరక ముందువి అని పేర్కొని కొత్తవాటి పక్కనే ఇవ్వండి.